పడిన సరుకు

రండర్రా, దగ్గరకు జరగండి. గడప మీద కూర్చున్న అమ్మీ, నువ్వూ లోపలికి రా. వీధి గోలలో సగం మాటలు కొట్టుకుపోతాయి. పోయిన వారం మనం రాయగడలో చింతపండు వర్తకుడు తాతారావు ఇంటి మేడమెట్ల మీద ఆగాం కదా. బుల్లి చేతిలో కాఫీ గ్లాసు ఉంది. అప్పుడది పొగలు కక్కుతోంది. ఇప్పుడు మీగడ కట్టింది.

పైగది తలుపు ఇంకా తెరుచుకోలేదు.

"ఒరే రఘూ! తీస్తావా, వడ్రంగిని తెమ్మంటావా?" తాతారావు అరచేత్తో తలుపు బాదాడు.

"మెల్లగా అన్నియ్యా. పాకలో ఆడోళ్లు ఇంటారు," అంది బుల్లి.

"ఇననీ! కొడుక్కి గోల్డు మెడలొచ్చిందని రాయగడంతా మిఠాయి పంచినప్పుడు ఇన్నారు కదా. ఇదీ ఇననీ."

ఇంటి వెనక పాకలో నలభై ఒక్కమంది ఆడవాళ్లు కూర్చుని చింతపండు పిక్క తీస్తున్నారు. రాతి మీద కర్రసుత్తి దెబ్బ. టక్, టక్, టక్. చింతపండు దిగే నెలల్లో ఆ ఇంట్లో ఆ చప్పుడు ఆగదు. ఆగదు కాబట్టి ఇంట్లోవాళ్లకు వినపడనే వినపడదు.

మెట్ల కింద బల్ల మీద రఘు భార్య బిందుశ్రీ కూర్చుని ఉంది. పక్కన బట్టల సంచీ. చేతులకు గాజుల్లేవు. పార్వతీపురం బస్సు పదకొండున్నరకి. వెళ్తానని ఎవరితోనూ అనలేదు. సంచీ మాత్రం అందరికీ కనపడేలా పెట్టుకుంది.

"నా గాజులు బ్యాంకులో తాకట్టున్నాయని కట్టుకున్నవాడు చెప్పలేదు పిన్నిగారూ," అంది బుల్లితో. "బ్యాంకు మెసేజి పెట్టి చెప్పింది. ఆ మెషీనుకున్న మర్యాద..." మాట పూర్తి చేయలేదు.

 తాతారావుకి చెల్లెలు బుల్లి. మొగుడు పోయి పుట్టింటికి వచ్చి ముప్పై ఏళ్లు. రఘు తల్లి నాగశ్రీ పోయేనాటికి వాడికి నాలుగేళ్లు. ఆనాటినుంచి వాడికి అన్నం కలిపి పెట్టిందీ, జ్వరమొస్తే తడిగుడ్డ వేసిందీ, పరీక్షలకు తెల్లవారుజామున లేపిందీ ఈ మేనత్తే. వెనక పాకను నడిపేదీ ఆవిడే.

ఆ ఇంట్లో బిందుశ్రీ గాజుల సంగతి బయటపడింది. ఇంకొకటి పడలేదు. అది బుల్లికీ రఘుకీ మాత్రమే తెలుసు.

ఆ పాకలో ఒక వాడుక ఉంది. ఏ మనిషీ కూలి ఇంటికి తీసుకెళ్లదు. తీసుకెళ్తే మొగుడు ఎత్తుకుపోతాడు, లేకపోతే పొయ్యి మింగుతుంది. అందరూ బుల్లి పెట్టెలోనే ఉంచుతారు. ఒక్కొక్కరికీ ఒక గుడ్డమూట, దానికి ఎవరి రంగు దారం వాళ్లది. ఊరి అమ్మవారు మజ్జిగౌరమ్మ చైత్ర జాతర ముందురోజు బుల్లి పాకలో పీట వేసుకుని కూర్చుని దారం చూసి మూట ఇస్తుంది. కాగితం లేదు, సంతకం లేదు. ఇరవై రెండేళ్లలో ఒక్క మూటా తగ్గలేదు.

కిందటేడు కరువని, పిల్లల చదువులని, చాలామంది మూటలు విప్పకుండా "ఇంకో ఏడు ఉంచమ్మా" అన్నారు. రెండేళ్ల కూలి. నాలుగు లక్షల అరవై వేలు. దసరాలకి రఘు వచ్చి, "పెట్టెలో పడుకుని ఏం పెరుగుతాయత్తా, నాకియ్యి, జాతరకి రెండింతలు చేసి ఇస్తాను," అన్నాడు. అడిగింది రఘు. ఊళ్లో ఇంకెవరైనా అడిగితే చీపురు తిరగేసేది.

ఇప్పుడా పెట్టెలో నలభై ఒక్క గుడ్డలున్నాయి, దారాలున్నాయి. జాతర పదకొండు రోజులుంది.

గడియ తీసిన చప్పుడైంది.

*

రఘు గుమ్మంలో నిలబడ్డాడు. ముప్పై రెండేళ్లవాడు నాలుగురోజుల గడ్డంతో యాభై ఏళ్లవాడిలా ఉన్నాడు. ల్యాప్‌టాప్‌ని పసిపిల్లని పట్టుకున్నట్టు గుండెకు ఆనించుకున్నాడు. కొండల్లోని డొరగుడ ఫ్యాక్టరీలో వాడికి ఇంజనీరు కొలువు. చిన్నప్పుడు లారీ దగ్గర గుమస్తా బస్తాల తూకాలు చదువుతుంటే, ఆఖరి అంకె ఆయన నోట్లో ఉండగానే మొత్తం చెప్పేసేవాడు. "ఈడికి సరస్వతి నాలిక మీద కాదు, సేతి ఏళ్ల మీద కూకున్నాది," అనేవాళ్లు జనం.

"ఎంత?" అన్నాడు తాతారావు.

"నాన్నా, ముందు నేను చెప్పేది..."

"ఎంతరా?"

"పద్దెనిమిది లక్షలు పెట్టాను."

"ఇప్పుడెంతున్నాది?"

"రెండు లక్షల డెబ్బై వేలు."

 కింద పాకలో టక్, టక్, టక్.

"నాతో పది అన్నారు," అంది బిందుశ్రీ కిందనుంచి.

"నువ్వు భయపడతావని..."

"ఇప్పుడు ధైర్యంగా ఉందండి."

"పేకాటరా అది!" తాతారావు మళ్లీ తలుపు మీద చరిచాడు. "మా తాత టెక్కలి నించి కావిడితో నడిసి ఈ కొండల్లోకొచ్చేడు. కావిడి దించేడు గానీ పేక ముట్టలేదు."

"పేకాట కాదు నాన్నా. నూట నలభై కంపెనీల కాగితాలు చదివాను. ఏడేళ్ల ధరలు తీసుకుని ప్రోగ్రాం రాశాను. మా ఫ్యాక్టరీలో దేబాశిష్ కూడా చూశాడు. అతను ఐఐటీ."

"ఆడూ పెట్టేడా?"

"నాకంటే ఎక్కువ."

"మరింకేటి! ఇద్దరు సదువుకున్నోళ్లు ఒకే నూతిలో దూకితే, నూతికి ఈతొస్తాదనుకున్నారా?"

బుల్లి మెట్లెక్కి వచ్చి చల్లారిన కాఫీని కిటికీ గట్టు మీద పెట్టింది. "నాయినా, దిగుతున్నప్పుడే వచ్చీలేకపోయేవా బయటికి?"

ఆ గొంతుకి రఘు కళ్లెత్తలేకపోయాడు.

"మొదటిసారి దిగినప్పుడు మార్కెట్టంతా దిగింది కదా అనుకున్నానత్తా. రెండోసారి, వాళ్లకి రావాల్సిన ఆర్డరు ఆలస్యమైందన్నారు. మూడోసారి, భయపడినవాళ్లు అమ్ముకుంటున్నారు, మంచిదే అనుకున్నాను."

చూడండి, తెలివితక్కువవాడైతే మొదటిసారే భయపడి పారిపోయేవాడు. తెలివైనవాడికి ప్రతి నష్టానికీ ఒక కారణం దొరుకుతుంది. కారణం దొరికిందంటే కాలు కదలదు.

"అది ఏటి సేసే కంపెనీరా?" అంది బుల్లి.

"సోలారు పలకలు. చేస్తామన్నారు. ఫ్యాక్టరీ ఇంకా కట్టాలి."

"కట్టలేదా?"

"ఫొటోలున్నాయి."

కింద బిందుశ్రీ నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

"దిగిన ప్రతిసారీ ఇంకొంచెం కొన్నాను," అన్నాడు రఘు. "గాజులు అప్పుడే. పీఎఫ్ అప్పుడే."

"పడిపోతున్నదాన్ని కొంటారేట్రా ఎవులైనా?" తాతారావు అరిచాడు.

అప్పుడు రఘు తండ్రి కళ్లలోకి చూశాడు. "నువ్వే కదా నేర్పావు నాన్నా."

*

ఆ మాట తాతారావుకి సూటిగా తగిలింది. ఎందుకో మీకు చెప్పాలి.

రఘుకి పదేళ్లప్పుడు కొండల్లో చింత విరగకాసింది. కాశీపురం సంతలో, టికిరి సంతలో చింతపండు పారబోసినా కొనే నాథుడు లేడు. రాయగడ వర్తకులందరూ ఏడుస్తూ అయినకాడికి అమ్ముకున్నారు. తాతారావు ఒక్కడే గొడాం తలుపు మూసి తాళం జేబులో వేసుకున్నాడు. అప్పు తెచ్చి ఇంకా కొన్నాడు. శ్రావణానికి ధర మూడింతలైంది. ఇప్పుడు వాళ్లు నిలబడిన మేడ ఆ ఏడు లేచిందే.

ఆనాటినుంచి ప్రతి దసరాకీ తూకాల తాసుకి కుంకుమ పెట్టి, కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని తాతారావు ఒక మాట చెప్పేవాడు: "పడినప్పుడు అమ్మేవోడు యాపారి కాడు. పడితే తలుపెయ్యి. పడితే కొను." పిల్లవాడు మంత్రంలా తిరిగి చెప్పేవాడు.

ఇరవై రెండేళ్ల తరవాత ఆ మంత్రమే చదివాడు. గొడాం మాత్రం మారింది.

తాతారావు మంచం అంచున కూలబడ్డాడు.  తరవాత జేబులోంచి కళ్లద్దాలు తీశాడు.

"ఏదీ, సూపించు."

రఘు పక్కన కూర్చుని తెర తిప్పాడు. "మూడు వారాల బట్టి కొనేవాడు లేడు నాన్నా. రోజూ పొద్దున్నే నూటికి అయిదు పడిపోవడం, అక్కడితో ఆ రోజుకి బేరం ఆగిపోవడం. అమ్ముతామన్నా తీసుకునేవాడుండడు. ఈ రోజే కొనేవాళ్లు వచ్చారు. ఇదిగో, ఈ గడిలో అంకె వాళ్లదే. అమ్మేద్దామనే తలుపు వేసుకున్నాను. గంటన్నర అయింది. చెయ్యి రావట్లేదు."

"అమ్మెయ్యి నాయినా," అంది బుల్లి. "పోయిందేదో పోయినాది. ఉన్నది పట్టుకో."

"ఉండు బుల్లీ."

ఆ 'ఉండు'లో కోపం లేదు. బుల్లి అన్న మొహంలోకి చూసింది. 

ఆ మొహం ఆవిడకు తెలుసు. సంతలో కొండవాళ్ల గంపల ముందు కూర్చుని, కళ్లు సగం మూసుకుని, కుడిచేతి ఉంగరం తిప్పుకుంటూ బేరానికి దిగే ముందు మొహం అది.

"ఒకప్పుడు రేటెంత దీనికి?"

"మూడొందల నలభై దాకా వెళ్లింది. నాకు సగటున రెండొందలు పడింది."

"ఇప్పుడు ముప్పైకి ఒస్తన్నాదా?"

"వస్తోంది."

"కొనేవోడు వచ్చేడంటే ఆడికేటో తెలిసే వచ్చేడు." ఉంగరం తిరుగుతోంది. "పద్దెనిమిది పోయిందని ఏడవడం కాదురా. ముప్పైకి ఇంకో పది లక్షల సరుకు ఎత్తితే, డెబ్బై అయినా సాలు కదా, అంతా తిరిగొచ్చీడానికి?"

రఘు కళ్లు మెరిశాయి. ఆ అంకె వాడు ఎప్పుడో కట్టి ఉంచుకున్నాడు. "అరవై ఏడు చాలు నాన్నా."

"మావయ్యగారూ!" బిందుశ్రీ మెట్ల మొదట్లో లేచి నిలబడింది. "ఇందాకే పేకాట అన్నారు మీరు!"

"పేకాట ఏరు, యాపారం ఏరు. నీకు తెలీదమ్మా."

"బుల్లమ్మగోరూ!" పెరట్లోంచి పిలుపు వినిపించింది.

*

అప్పమ్మ పెరటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది, చేతులకు చింతపండు జిగురుతో. పాకలో పెద్దది ఆవిడే. మొగుడు కన్నారావు మునిసిపాలిటీలో రోడ్లు ఊడుస్తాడు. వీళ్ల పూర్వీకులూ బొబ్బిలి వైపునుంచి వచ్చినవాళ్లే.

"అమ్మా, మరొకలాగ అనుకోకండి. జాతర దాకా ఆగలేను. మా లిప్సాకి నర్సింగులో సీటొచ్చింది. శనివారం లోపల కట్టమన్నారు. నా ఎర్రదారం మూట ఇప్పాలమ్మా."

"లిప్సాకా? మంచి కబురేనే." బుల్లి పెదాలు నవ్వాయి. "ఎంత కట్టాలి?"

"ఇరవై వేలు. నాది ఇరవై రెండుంటాది కదమ్మా. మిగిలిన రెండూ దాని బట్టలకి."

"ఉంటాదే. ఇరవై రెండు."

"ఇప్పుడిస్తారా?"

బుల్లి కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట లేదు. "పెట్టె తాళం... అన్నియ్య దగ్గరున్నాది. రేపిస్తాను."

అప్పమ్మ ఒక్క క్షణం చూసింది. పెట్టె తాళం ఇరవై రెండేళ్లుగా బుల్లి మొలలోనే ఉంటుందని ఆ పాకలో అందరికీ తెలుసు. ఇప్పుడూ ఉంది, చీరకుచ్చిళ్ల పక్కన వేలాడుతూ.

"సరేనమ్మా," అంది అప్పమ్మ. "పైన ఏటో గొడవలా ఉన్నాది. బాబుకి ఒంట్లో బాగోలేదేటి?"

"పడిశం."

"మిరియాలు కాసి ఇయ్యండి."

అప్పమ్మ వెళ్లిపోయింది. ముప్పై ఏళ్లలో ఆ పాక మనిషికి బుల్లి చెప్పిన మొదటి అబద్ధం అది. 

తిరిగి పైకెక్కేసరికి తాతారావు ఫోనులో ఉన్నాడు. "ఆఁ గురువులూ, నీ లారీ కావాలి. ఈయాలే. మా గొడాం నించి నాలుగొందల బస్తాలు. పిక్క తీసిందీ తియ్యందీ కలిపి అంతా రాయపూర్ పంపాలి. అక్కడి సేటుతో మాటాడుతున్నాను, డబ్బు ముందే ఏస్తానంటాడు."

బుల్లి గుమ్మం పట్టుకుంది. "సింతపండు అమ్మేస్తన్నావా?"

"పది లక్షలు కావాలి కదా."

"ఇప్పుడా? సంతలో పండు దిగే రోజుల్లోనా? ఏడాదంతటిలో ఇంతకన్నా తక్కువ ధర ఎప్పుడుంటాదన్నియ్యా? పిక్క తియ్యనిది సగానికి కూడా పోదు." గొంతు పెరిగింది. "పడినప్పుడు అమ్మేవోడు యాపారి కాడన్నావు. ఏది పడినప్పుడు? తినేది పడితే అమ్ముకుని, ఫొటో పడితే కొంటావా?"

తాతారావు ఉంగరం ఆగింది. ఒక్క క్షణమే.

"అది అయిదు రూపాయలు పెరుగుతాది. ఇది రెండింతలవుతాది. కావిడి మోసినోళ్ల బుద్ధి పోనిచ్చుకోవే."

"సింతపండు ఎందుకు పెరిగిందన్నియ్యా ఆ ఏడు? నువ్వు తలుపేసేవనా? ఆషాఢం వస్తే ఊరూరా పులుసు కాసుకోవాలి కాబట్టి పెరిగింది. దీన్ని ఎవులు కాసుకుంటారు?"

రఘు తెరమీదనుంచి తల ఎత్తి అత్తకేసి చూశాడు.  నూట నలభై కంపెనీల కాగితాల్లో వాడికి తగలని ప్రశ్న అది.

"గంటలో రేటు లెగిసిపోతే మళ్లీ ఈ ధరకి కొనలేం," అన్నాడు తాతారావు. "సేటుకి ఫోను కలుపు రఘూ."

ఇక లాభం లేదనుకుంది బుల్లి. ఒకే ఒక్క మాట మిగిలింది. అది అంటే అన్నయ్య కాళ్లు నేలకు ఆనుతాయనుకుంది.

"అందులో పాక డబ్బుందన్నియ్యా."

"ఏటి?"

"జాతర మూటలు. నాలుగు లక్షల అరవై వేలు. నేనే ఇచ్చేను."

బిందుశ్రీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడకు తన గాజులు గుర్తు రాలేదు ఆ క్షణంలో. రఘు కళ్లు మూసుకున్నాడు.

తాతారావు చెల్లెల్ని తిట్టలేదు. కొట్టినా బాగుండేది. గొంతు తగ్గించి, "ఎవులికైనా సెప్పేవా?" అన్నాడు.

"లేదు."

"సెప్పకు. పదకొండు రోజులున్నాది." లేచి తలుపు దగ్గరగా వేశాడు. "ఇప్పుడు మరీ అమ్మకూడదే బుల్లీ. అమ్మితే ఆళ్ల డబ్బు ఎక్కడినించి తెస్తాం? నూటికి పదిహేను సేతిలో పెడతామా? ఇంటి పేరు ఏటవుతాది? ఇది కొనాల్సిందే."

చూశారా, నిజం చెబితే ఆగుతాడనుకుంటే నిజమే తాతారావుకి ఇంకో మెట్టయింది. తండ్రీ కొడుకులు పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరి మోకాళ్లూ ఒకేలా ఊగుతున్నాయి. ఎన్నాళ్లుగానో ఆ ఇద్దరూ అంత దగ్గరగా కూర్చోలేదు.

బుల్లి మెట్లు దిగింది. బిందుశ్రీ సంచీ దాటి, వంటింటి గడప దాటి, పెరట్లోకి.

*

పాకలో చింతపండు రాసులు పోసి ఉన్నాయి. బుల్లి వంగి ఒక గుప్పెడు తీసి పిడికిట్లో గట్టిగా నొక్కి వదిలింది. ఎండిన పండు మెల్లగా విచ్చుకుంటుంది. తూకం కోసం నీళ్లు చిలకరించింది అలాగే ముద్దగా, వేళ్ల అచ్చుతో ఉండిపోతుంది. టికిరి సంతలో బుల్లి పిడికిలి చూసి కాటా పక్కకు తీసేసిన దళారులున్నారు. అరచేతిలో నీరు పట్టేయగల మనిషి.

రఘు అడిగిన రోజున పిడికిలి బిగించలేదు. వాడిని తూకం వేయాలని తోచలేదు. పెంచిన చేత్తో నొక్కి చూస్తారా ఎవరైనా?

"అప్పమ్మా."

"అమ్మా."

"తాళం నా దగ్గరే ఉన్నాది."

"నాకు తెలుసునమ్మా," అంది అప్పమ్మ, సుత్తి ఆపకుండా.

"పెట్టెలో మూటల్లేవు. గుడ్డలున్నాయి. డబ్బు రఘుకిచ్చేను. ఆడు షేర్లలో పెట్టేడు. పోయినాది." ఒక్క గుక్కలో అంది. ఆగితే మళ్లీ అనలేనని తెలుసు. "నూటికి పదిహేను మిగిలింది. అదీ ఈయాల అమ్మితేనే. పైన ఆళ్లు అమ్మరంట. గొడాంలో పండంతా అమ్మి అందులోనే పోస్తారంట. లారీ వస్తన్నాది."

అప్పమ్మ సుత్తి ఆగింది. పక్కనున్న వీణ సుత్తి ఆగింది. ఆ పక్కది, ఆ వెనకది. మాట ఎంత దూరం వెళ్తే అంత దూరం చప్పుడు ఆగుతూ పోయింది. ఆఖరి మూల చెవుడున్న ముసలావిడ ఒక్కతే ఇంకో మూడు దెబ్బలు కొట్టి, తలెత్తి చూసి, సుత్తి దించింది.

పైగదిలో తాతారావు రాయపూరు సేటుతో సగం మాటలో ఆగిపోయాడు.

"ఏట్రా అది?"

"ఏంటి నాన్నా?"

"సప్పుడు లేదు."

ఇద్దరూ కిటికీ దగ్గరకు వచ్చారు. పెరట్లో నలభై ఒక్కమంది నడుస్తున్నారు, చేతిలో సుత్తులతో. ఎవరూ అరవడం లేదు, ఎవరూ ఏడవడం లేదు. గొడాం తలుపు ముందు వరసగా, పాకలో కూర్చున్నట్టే కాళ్లు మడుచుకుని కూర్చున్నారు. సుత్తులు ఒళ్లో పెట్టుకున్నారు.

"బుల్లీ! ఏం పని సేసేవే?" తాతారావు కిటికీలోంచి అరిచాడు. "ఏయ్, లెగండి! సరుకు నాది!"

"సరుకు మీదే బాబూ," అంది అప్పమ్మ కూర్చునే. "కూలి మాది. పిక్క ఇంకా సగం బస్తాల్లో ఉన్నాది. లారీవోడు మమ్మల్ని దాటి ఎత్తుకుంటే ఎత్తుకోమనండి. రఘుబాబుని ఒక్కపాలి కిందికి పంపండి. తిట్టడానికి కాదు. ఓ లెక్క అడగాల."

రఘు వచ్చాడు. ల్యాప్‌టాప్ పైనే ఉండిపోయింది, చేతిలో ఫోనుంది. చిన్నప్పుడు ఆ ఆడవాళ్ల ఒళ్లో చింతపిక్కలతో ఆడుకున్నవాడు ఆ వరస ముందు నిలబడ్డాడు. తల ఎత్తలేదు.

"నాది ఇరవై రెండు వేలు బాబూ," అంది అప్పమ్మ. "ఇప్పుడెంత?"

రఘు నోరు దానంతటదే పలికింది. చిన్నప్పుడు లారీ దగ్గర పలికినట్టే. "మూడు వేల మూడొందలు."

"నాది తొమ్మిది," అంది వీణ.

"పదమూడొందల యాభై."

"పద్నాలుగు వేల ఆరొందలు."

"రెండు వేల నూట తొంభై."

"నాది ఆరు వేలేనయ్యా."

"తొమ్మిదొందలు..."

ఒక్కొక్కరే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ రూపాయి తేడా లేకుండా చెబుతున్నాడు. ఊరంతా మెచ్చుకున్న ఆ తెలివి ఆ రోజు అంత చక్కగా పనిచేసింది. పన్నెండో మనిషి ఆ చెవుడున్న ముసలావిడ. వాడి పెదాలు కదులుతున్నాయి, అంకె బయటికి రాలేదు. ఆవిడ చెయ్యి చెవికి ఆనించుకుని, "ఏటన్నాడు? నాదెంతన్నాడు?" అని పక్కావిడని గిల్లుతోంది.

"సాల్లే," అంది అప్పమ్మ. "ఆ మూడు వేల మూడొందలే ఇచ్చీ బాబూ. లిప్సా సీటు పోతే పోయింది. మూడు వేలు మూడు వేలే. నువ్వు మాకు రెండింతలు సెయ్యొద్దు. ఇంక నీకు ఉంచము."

బిందుశ్రీ పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సంచీ చేతిలో ఉందో లేదో బుల్లి చూడలేదు. ఆవిడ చూపంతా రఘు చేతి మీదే ఉంది.

"ఆ గడిలో ఇంకా ఎంతమందున్నార్రా?" అంది బుల్లి.

రఘు ఫోను చూశాడు. "తగ్గిపోతున్నారత్తా. ఇందాక రెండు లక్షల షేర్లకి ఉన్నారు. ఇప్పుడు నలభై వేలు. ముప్పై ఎనిమిది..."

"అమ్మకురా!" మేడ కిటికీలో తాతారావు సగానికి పైగా బయటికి వంగి ఉన్నాడు. "ఒరే, నా మాట ఇను! పడినప్పుడు అమ్మకు!"

వీధి మలుపులో లారీ హారను మోగింది. గురువులు వచ్చేశాడు.

రఘు ఒకసారి మేడకేసి చూశాడు. ఒకసారి వరసకేసి చూశాడు. బొటనవేలు ఫోను మీదికి వచ్చింది. ముప్పై ఒక్క వేలు. ఇరవై నాలుగు. వాడు అమ్మాల్సినవే తొమ్మిది వేలు. ఆ బొటనవేలు కిందికి దిగడం లేదు.

అప్పుడు బుల్లి చెయ్యి చాచింది. ఫోనుకి కాదు. వాడి మణికట్టుకి. చింతపండు గుప్పెడు పట్టినట్టు గట్టిగా పట్టి నొక్కింది.

"నాయినా," అంది. "నాదెంత?" ఆ నలభై ఒక్క మూటల్లో ఆవిడది ఒక్కటీ లేదు.

ఇదీ ఇవాళ్టి కథ. వాడి బొటనవేలు దిగిందో లేదో వచ్చే వారం. మరిచిపోకండి. ఆ మాట అడిగినప్పుడు లారీ ఎక్కడుందో, కిటికీలో ఎవరున్నారో, ఎంతమంది సుత్తులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారో మనసులో ఉంచుకోండి. ఇంటికెళ్లి మీవాళ్లకి చెప్పేటప్పుడు ఆ అంకెలు తప్పు చెప్పినా ఫరవాలేదు. ముందు సుత్తులు ఆగాయనీ, ఆ తరవాతే మేడ మీదవాళ్లకు చప్పుడు వినపడిందనీ మాత్రం తప్పకుండా చెప్పండి.